విశాఖ పారిశ్రామిక వాడల్లో ధూళి, సీసం: తరచుగా అడిగే ప్రశ్నలు

మల్కాపురం, శ్రీహరిపురం, సింధియా, జ్ఞానాపురం, వన్ టౌన్, గాజువాక, మింది, పెదగంట్యాడ. ఈ పేటల్లో ఉండేవాళ్లకి ధూళి గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. పొద్దున్న తుడిచిన కిటికీ గట్టు సాయంత్రానికి మళ్లీ నల్లబడుతుంది. నేను ఈ వాడల్లోనే పెరిగాను, చాలా ఏళ్లు పిల్లలకి కెమిస్ట్రీ చెప్పాను. ఇరుగుపొరుగు వాళ్లు, పాత విద్యార్థులు, ముఖ్యంగా కొత్తగా తల్లులైన ఆడపిల్లలు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. ధూళి గురించి అందరూ అడుగుతారు. సీసం (లెడ్) గురించి అడిగేవాళ్లు తక్కువ. అందుకే ఇక్కడ సీసానికి ఎక్కువ చోటిచ్చాను.

ఇంట్లో పడే ఈ నల్ల పొడి అసలు ఏంటి?

ఒక్క వస్తువు కాదు. ఒక తెల్లటి పాత బట్ట తడిపి, గట్టిగా పిండి, కిటికీ గట్టు మీద ఒక్కసారి లాగి చూడండి. వెలుతురులో పెట్టి చూస్తే రంగులు విడివిడిగా కనిపిస్తాయి. నల్లగా మెరిసేది చాలావరకు బొగ్గు. పోర్టులో దించి కుప్పలు పోసేది, లారీల్లో, వ్యాగన్లలో కదిలేది అదే. ఇటుక రంగులో ఉండేది ఇనుప ఖనిజం. బైలదిల్లా నుంచి కొత్తవలస–కిరండూల్ లైను మీదుగా వచ్చే సరుకు అది. బూడిద రంగుది ఫ్లై యాష్ (బొగ్గు కాలాక గాలిలో లేచే సన్నటి బూడిద) కావచ్చు, సిమెంటు కావచ్చు, రోడ్డు మట్టి కావచ్చు. బట్ట ఆరాక అంచుల్లో తెల్లగా మిగిలే దాంట్లో సముద్రపు ఉప్పు ఉంటుంది. టైర్లు అరిగిన పొడి, డీజిల్ మసి కూడా కలిసే ఉంటాయి.

సీసం ఉందో లేదో మాత్రం ఈ రంగులు చెప్పవు. కొందరు అయస్కాంతం పెట్టి చూస్తారు. దానికి అంటుకునేది ఇనుము. సీసం అయస్కాంతానికి అంటదు కాబట్టి ఆ పరీక్షతో సీసం సంగతి ఏమీ తేలదు. ల్యాబుకి పంపితేనే తెలుస్తుంది.

కంటికి కనిపించే పొడే ఊపిరితిత్తుల్లోకి పోతుందా?

ఎక్కువగా కాదు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. తల వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. పీఎం 10 అంటే 10 మైక్రాన్లు, అంతకన్నా చిన్న రేణువులు. పీఎం 2.5 అంటే రెండున్నర మైక్రాన్లు, అంతకన్నా చిన్నవి. గట్టు మీద వేలితో గీత గీస్తే కనిపించే పొడిలో బరువంతా పెద్ద రేణువులదే. అవి ముక్కులో, గొంతులో ఆగిపోతాయి, చీదితే నల్లగా వచ్చేస్తాయి. ఊపిరితిత్తుల అడుగు దాకా వెళ్లి, అక్కడి నుంచి గుండె మీద, రక్తనాళాల మీద దెబ్బ కొట్టేవి పీఎం 2.5 రేణువులు. అవి పొగ నుంచి, చిమ్నీల నుంచి, ఇంజన్ల నుంచి వస్తాయి. గాలిలో వాయువులు ఒకదానితో ఒకటి కలిసి కూడా పుడతాయి. వాటిని కన్ను పట్టుకోలేదు. ఈరోజు గట్టు మీద పొడి లేదు కాబట్టి గాలి బాగుందని అనుకోకండి.

సీసం విషయంలో లెక్క మారిపోతుంది. పెద్ద రేణువు ఊపిరితిత్తుల్లోకి వెళ్లకపోయినా నేల మీద పడుతుంది. నేల మీద పిల్లలు పాకుతారు. చేతికంటినది నోట్లోకి వెళ్తుంది. సీసం ఉన్న ధూళి సన్నగా ఉన్నా, ముతకగా ఉన్నా ప్రమాదమే.

సముద్రం పక్కనే ఉన్నాం కదా, గాలి కొట్టుకుపోదా?

అందరూ అలాగే అనుకుంటారు. ఊరి ఆకారం చూడండి. ఒక పక్క సింహాచలం కొండల వరస, ఇంకో పక్క యారాడ కొండ, మధ్యలో పళ్లెంలాంటి చోట పోర్టు, రిఫైనరీ, ఎరువుల ఫ్యాక్టరీ, వాటి చుట్టూ ఇళ్లు. పగటిపూట సముద్రం నుంచి గాలి వీస్తుంది. బీచ్ రోడ్డులో నిలబడ్డవాళ్లకి అది శుభ్రమైన గాలే. పోర్టు వెనక నివసించేవాళ్లకి మాత్రం అది బొగ్గు కుప్పల మీదుగా వస్తుంది. ఎండాకాలం మొదలు వానాకాలం చివరిదాకా నైరుతి గాలిదే జోరు. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది కాబట్టి, ఆ గాలి గాజువాక, పోర్టు మీదుగా సరిగ్గా ఊరి మీదకే వస్తుంది. వానలు పడ్డ రోజుల్లో ధూళి కొంత కడుక్కుపోతుంది.

అన్నిటికన్నా గడ్డుకాలం చలికాలం. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా రాత్రిళ్లు నేల త్వరగా చల్లబడుతుంది. చల్లటి గాలి అడుగున ఉండిపోయి, వెచ్చటి గాలి దాని మీద మూతలా కూర్చుంటుంది. కొండల మధ్య ఆ మూత ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది. చిమ్నీల పొగ, లారీల పొగ, చెత్త తగలబెట్టిన పొగ అంతా ఆ కిందే తిరుగుతుంది. తెల్లవారుజామున వాకింగుకి వెళ్లేవాళ్లు పొగమంచు అనుకునే దాంట్లో పొగ కూడా కలిసి ఉంటుంది. ఎండెక్కాక మూత లేస్తుంది. ఆ నెలల్లో ముసలివాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఎనిమిది దాటాక బయటికి వెళ్తే మంచిది.

పోర్టు 1933లో తెరిచారు. 1941లో షిప్‌యార్డుకి పునాది వేశారు, 1957లో రిఫైనరీ వచ్చింది. ఆ తర్వాత ఎరువుల ఫ్యాక్టరీ, జింక్ స్మెల్టర్ (ఖనిజాన్ని కరిగించి లోహం తీసే ఫ్యాక్టరీ), స్టీల్ ప్లాంటు, అటు పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రం వరసగా వచ్చాయి. ఫ్యాక్టరీ పక్కన ఎవరు కట్టుకోమన్నారని అడిగేవాళ్లున్నారు. ఆ మాట నాకు చాలా బాధ కలిగిస్తుంది. మింది, గంగవరం లాంటి ఊళ్లు ఈ గోడలన్నిటికన్నా ముందు నుంచీ ఉన్నాయి.

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకి మార్కులు వేసినప్పుడు విశాఖకి 70 దాటి వచ్చాయి. 70 దాటితే 'అతి తీవ్ర కాలుష్య ప్రాంతం' అని అర్థం. ఆ లెక్క ప్రకారమే 2010 జనవరిలో కొత్త పరిశ్రమలకి, విస్తరణలకి పర్యావరణ అనుమతులు కొంతకాలం ఆపేశారు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలోనూ ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో విశాఖ ఉంది. ఆ కార్యక్రమం లక్ష్యం ధూళిని తగ్గించడం. సీసానికి అందులో విడిగా లక్ష్యం లేదు.

ఇక్కడ సీసం ఎక్కడి నుంచి వస్తుంది?

ముందుగా పాతది. మింది దగ్గర హిందుస్థాన్ జింక్ వాళ్ల స్మెల్టర్ 1970ల చివర్లో మొదలైంది. అక్కడ జింక్‌తో పాటు సీసం కూడా తీసేవారు. సీసం తయారీ ముందే ఆగిపోయింది, 2012లో జింక్ కూడా ఆగింది. ప్రపంచంలో సీసం కరిగించిన చోట్లన్నిటా చుట్టుపక్కల మట్టిని పరీక్షించడం మంచి పద్ధతి. ఇక్కడా అది చెయ్యాలి. వీధి వారీగా చేసి, ఫలితాలు జనానికి చెప్పాలి.

తర్వాత పెట్రోలు. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. అంతకుముందు దశాబ్దాల పాటు పొగగొట్టాల నుంచి రాలిన సీసం పాత రోడ్ల పక్క మట్టిలో ఇంకా ఉంటుంది. అలాగే పాత పెయింటు. ఇళ్లకి వేసే పెయింటులో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) మించకూడదన్న నిబంధన 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన తలుపుల, ఊచల రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో, ఎక్కువ ఉండొచ్చు. పాత పడవలు, ఓడల రంగు గీకే చోట ఈ సంగతి గుర్తుండాలి. బొగ్గులో సీసం సహజంగానే కొద్దిగా ఉంటుంది. టన్నుల లెక్కన కాల్చినప్పుడు ఆ కొద్దీ లెక్కలోకి వస్తుంది. ఇనుప ఖనిజపు పొడిని సింటర్ చేసే (వేడి చేసి ముద్ద కట్టించే) చోట కూడా కొంత గాలిలోకి పోతుంది.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది పాత బ్యాటరీలు. ఇన్వర్టర్ల, ఆటోల, లారీల బ్యాటరీల బరువులో ఎక్కువ భాగం సీసమే. అనుమతి లేని షెడ్లలో వాటిని సుత్తితో పగలగొట్టి, యాసిడ్ కాలువలో పోసి, పలకల్ని పెనం మీద కరిగిస్తారు. మా వీధిలో ఒకతను బ్యాటరీల షాపులో పని చేసేవాడు. మంచి మనిషి, పిల్లలంటే ప్రాణం. సాయంత్రం ఇంటికి రాగానే పని బట్టల మీదే కూతుర్ని భుజాన వేసుకుని వీధి చివరిదాకా తిప్పేవాడు. పాప సరిగా తినడం లేదని, చికాకు పడుతోందని డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఆ డాక్టరమ్మ తండ్రి ఏం పని చేస్తాడని అడిగి రక్త పరీక్ష రాసింది. పాప రక్తంలో సీసం ఉండకూడనంత ఉంది. ఆ తండ్రి చొక్కా భుజం మీది బూడిద మరక నాకిప్పటికీ కళ్లముందే ఉంది. పాప బుగ్గ ఆనించే చోటు అది. ఆ తర్వాత అతను షాపులోనే స్నానం చేసి, బట్టలు మార్చుకుని రావడం మొదలుపెట్టాడు. అందరు పిల్లలకీ అలా అడిగే డాక్టర్ దొరకరు.

స్మెల్టర్ మూసేశారు, పెట్రోలు మారింది. ఇంకా భయం ఎందుకు?

సీసం కుళ్లిపోదు, ఆవిరైపోదు, వేరే పదార్థంగా విరిగిపోదు. మట్టి పైపొరలో అలాగే ఉండిపోతుంది. గాలికి లేస్తుంది, మళ్లీ పడుతుంది.

ఒక లెక్క చూడండి. గాలిలో సీసం మన దేశ వార్షిక ప్రమాణానికి సరిగ్గా సమానంగా, అంటే ఘనపు మీటరుకి 0.5 మైక్రోగ్రాములు ఉందనుకుందాం. రెండేళ్ల పిల్ల రోజుకి సుమారు 8 ఘనపు మీటర్ల గాలి పీలుస్తుంది. అంటే 4 మైక్రోగ్రాముల సీసం. ఇప్పుడు వాకిట్లో మట్టి సంగతి. కిలో మట్టిలో 200 మిల్లీగ్రాముల సీసం ఉందనుకుందాం. పాకే పిల్లలు చేతుల ద్వారా రోజుకి సుమారు 100 మిల్లీగ్రాముల మట్టి, ధూళి మింగుతారని శాస్త్రవేత్తల అంచనా. అది చిటికెడు కూడా కాదు. దాంట్లో 20 మైక్రోగ్రాముల సీసం ఉంటుంది. గాలి ప్రమాణం లోపలే ఉన్నా, నేల నుంచి దానికి అయిదు రెట్లు నోట్లోకి వెళ్తోంది. ఊపిరితో వెళ్లిన సన్నటి సీసం ఒంటికి ఎక్కువ పడుతుందన్న మాట నిజమే. అయినా నేలని వదిలేసి గాలిని మాత్రమే కొలిస్తే పిల్లల్ని కాపాడలేం.

ఆస్ట్రేలియాలో పోర్ట్ పిరీ అనే ఊరుంది. మనలాగే సముద్రపు ఒడ్డు, 1889 నుంచి సీసం స్మెల్టర్. అక్కడ చిన్నపిల్లల రక్తంలో సీసాన్ని దశాబ్దాలుగా కొలుస్తున్నారు, ఇంటింటికీ వెళ్లి సలహాలు చెబుతున్నారు. అదే దేశంలో ఎస్పెరెన్స్ రేవు కథ మనకి ఇంకా దగ్గరిది. అక్కడ స్మెల్టరే లేదు. గనిలోని సీసం కార్బొనేటు పొడిని రైల్లో తెచ్చి ఓడలకి ఎక్కించేవారు, అంతే. 2006 చివర్లో, 2007 మొదట్లో ఊళ్లో పక్షులు వేలల్లో చచ్చి రాలిపడ్డాయి. పరీక్షిస్తే సీసం. ఆ తర్వాత పిల్లల రక్తంలో, ఇళ్ల వాననీటి తొట్లలో కూడా తేలింది. కరిగించక్కర్లేదు, సరుకు ఎక్కించి దించినా చాలని ఆ ఊరు మనకి చెప్పింది.

ఫోన్‌లో ఏక్యూఐ బాగానే చూపిస్తోంది. అయినా అనుమానం ఎందుకు?

మన దేశ ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీ, ఎనిమిది కాలుష్యాల మీద ఆధారపడింది. పీఎం 10, పీఎం 2.5, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, ఎనిమిదోది సీసం. కాగితం మీద సీసం ఉంది. మీరు ఫోన్‌లో చూసే గంట గంట లెక్కలో మాత్రం సాధారణంగా ఉండదు. కారణం కొలిచే పద్ధతిలోనే ఉంది. పీఎం 2.5ని యంత్రం అప్పటికప్పుడు చెప్పేస్తుంది. సీసానికి ఫిల్టరు కాగితం మీద ఇరవై నాలుగు గంటల గాలిని లాగి, ఆ కాగితాన్ని ల్యాబుకి తీసుకెళ్లి, యాసిడ్‌లో కరిగించి చూడాలి, లేదా ఎక్స్‌రే పద్ధతిలో చూడాలి. జాతీయ ప్రమాణం ప్రకారం వారానికి రెండు రోజుల చొప్పున ఏడాదికి కనీసం 104 కొలతలు ఉండాలి. ఏక్యూఐ లెక్కకి కనీసం మూడు కాలుష్యాల సమాచారం, అందులో ఒకటి పీఎం ఉంటే చాలు. సీసం లేకపోయినా ఆకుపచ్చ రంగు వచ్చేస్తుంది.

ఇంకొకటి. స్టేషన్ ఎక్కడుందో చూడండి. జీవీఎంసీ (నగరపాలక సంస్థ) ఆఫీసు దగ్గర రామ్‌నగర్‌లో కొలిచిన గాలి మల్కాపురం గాలి కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల 'సమీర్' యాప్‌లో మీ దగ్గరి స్టేషన్ పేరు వెతికి చూసుకోండి. అంకె కన్నా ముందు ఆ పేరు చదవండి.

ఎంత ఉంటే ఎక్కువ?

మన దేశంలో 2009 నవంబర్‌లో పెట్టిన ప్రమాణాలే ఇంకా నడుస్తున్నాయి. పీఎం 10 ఏడాది సగటు ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములు, ఒక రోజుకి 100. పీఎం 2.5 ఏడాదికి 40, రోజుకి 60. సీసం ఏడాదికి 0.5, రోజుకి 1. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన పరిమితులు పీఎం 10కి ఏడాదికి 15, పీఎం 2.5కి 5. సీసానికి అమెరికా 2008లోనే 0.15కి దిగింది. 'ప్రమాణం లోపలే ఉంది' అన్న మాట విన్నప్పుడు ఎవరి ప్రమాణమని అడగండి.

సీసం పిల్లల్నే ఎందుకు ఎక్కువ దెబ్బ తీస్తుంది?

ఒంటికి సీసానికీ కాల్షియానికీ తేడా సరిగా తెలియదు. ఎదిగే ఒళ్లు కాల్షియం కోసం తలుపులు బార్లా తీసి పెడుతుంది. ఆ తలుపుల్లోంచే సీసం దూరుతుంది. మింగిన సీసంలో పెద్దవాళ్లు పదో వంతు ఒంటికి పట్టించుకుంటే చిన్నపిల్లలు సగం దాకా పట్టించుకుంటారు. ఇనుము తక్కువైన పిల్లలైతే ఇంకా ఎక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో అయిదేళ్ల లోపు పిల్లల్లో పదిమందికి ఆరుగురికి పైగా రక్తహీనత ఉంది. అంటే సీసం దారి సగం తెరిచే ఉంది.

మెదడు కట్టుకునే వయసులో చేరిన సీసం తెలివిని, ఏకాగ్రతని, ఓపికని తగ్గిస్తుంది. తక్కువ మోతాదుల్లోనే, సీసం కొద్దిగా పెరిగినా నష్టం ఎక్కువగా పెరుగుతుందని పరిశోధనలు తేల్చాయి. ఇంత వరకు పర్వాలేదని చెప్పగల మోతాదు లేదు. బయటికి ఏమీ కనిపించదు. జ్వరం రాదు, దద్దురు రాదు. పిల్లాడు మొండివాడని, చదువు మీద శ్రద్ధ లేదని తిట్లు తింటాడు. ఇన్నేళ్లు పాఠాలు చెప్పినవాణ్ని, నా క్లాసులో వెనకబెంచీల్లో అలాంటి పిల్లలు ఎందరున్నారోనన్న ఆలోచన నన్ను వదలదు.

పెద్దవాళ్లలో రక్తపోటు పెరుగుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. సీసం ఎముకల్లో దశాబ్దాలు దాక్కుంటుంది. గర్భం వచ్చినప్పుడు బిడ్డ కోసం ఎముకల నుంచి కాల్షియం కదిలితే సీసం కూడా కదులుతుంది. చిన్నప్పుడు తల్లి ఒంట్లో చేరింది బిడ్డకి వెళ్తుంది.

రక్త పరీక్ష ఎవరు చేయించుకోవాలి? ఎలా?

ఒకటి నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, ఇంట్లో ఎవరైనా బ్యాటరీలు, స్క్రాప్, వెల్డింగు, ఓడల పెయింటు పని చేస్తుంటే ఆ ఇంటివాళ్లందరూ. పరీక్ష పేరు బ్లడ్ లెడ్. మామూలు రక్త పరీక్షల్లో ఇది రాదు, విడిగా రాయించుకోవాలి. పెద్ద ప్రైవేటు ల్యాబులు చేస్తాయి. వేలి నుంచి కాకుండా చేతి నరం నుంచి తీయించండి. వేలి చర్మం మీద ధూళి ఉంటే దాని సీసం కలిసి ఫలితం తప్పుగా వస్తుంది.

ఫలితం డెసిలీటరుకి మైక్రోగ్రాముల్లో ఇస్తారు. 5, అంతకన్నా ఎక్కువ ఉంటే సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ పిల్లలకి 3.5 దగ్గరే జాగ్రత్త పడమంటోంది. రిపోర్టులో '10 లోపు నార్మల్' అని అచ్చు వేసి ఉంటే దాన్ని నమ్మి ఊరుకోకండి, అది పాత లెక్క.

ఎక్కువ వస్తే మందులున్నాయా?

డెసిలీటరుకి 45 మైక్రోగ్రాములు దాటితే డాక్టర్లు ఒంట్లోని సీసాన్ని బయటికి లాగే మందులు ఆసుపత్రిలో ఉంచి ఇస్తారు. అంతకన్నా తక్కువైతే అసలు వైద్యం సీసం వచ్చే దారిని మూసెయ్యడమే. రక్తంలోని సీసం నెల రోజుల్లో సగానికి తగ్గుతుంది, ఎముకల్లోది నిదానంగా వస్తుంది. దారి మూశాక డాక్టర్ చెప్పినట్టు ఒకటి నుంచి మూడు నెలల్లో మళ్లీ పరీక్ష చేయిస్తే తేడా తెలుస్తుంది. ఒంట్లో విషాలు కడిగేస్తామని అమ్మే పొడులు, కషాయాలు కొనకండి. భస్మాలు కలిసిన కొన్ని నాటు మందుల్లో సీసమే ఉంటుంది.

ఇల్లు ఎలా తుడవాలి?

పొడి చీపురు ధూళిని లేపి మళ్లీ మీ మీదే వేస్తుంది. గచ్చు మీద తడిగుడ్డ వెయ్యండి. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకదాంట్లో సబ్బు నీళ్లు, ఒకదాంట్లో గుడ్డ జాడించే నీళ్లు. ఒకే బకెట్ అయితే గుడ్డకి పట్టిన మురికి మళ్లీ గచ్చుకే వస్తుంది. లోపలి గది నుంచి గుమ్మం వైపు రండి. కిటికీ గట్టు, చువ్వలు, ఫ్యాను రెక్కలు, మంచం కింద మరిచిపోకండి. పాకే పిల్లలుంటే రోజూ, లేకపోతే వారానికి రెండుసార్లు చాలు. పిల్లల బొమ్మలు, పాలపీకలు కడగండి. అన్నానికి ముందు, పడుకునే ముందు చేతులు సబ్బుతో కడిగించండి. శానిటైజర్ క్రిముల్ని చంపుతుంది కానీ సీసాన్ని కదిలించదు.

చెప్పులు బయట వదలడం మన అలవాటే. పని బట్టలు కూడా అలాగే బయట వదలాలి, ఇంటి బట్టల్లో కలపకుండా విడిగా ఉతకాలి.

డాబా మీద వడియాలు పెట్టుకోవచ్చా? ఎండు చేపలు?

నా దగ్గర ఈ ప్రశ్న ఎండాకాలం ప్రతి ఏడూ వస్తుంది. అడిగేవాళ్ల గొంతులో దిగులు నాకు తెలుసు, ఎందుకంటే మా ఇంట్లోనూ అదే దిగులు. వడియాలు, అప్పడాలు, మామిడి ఒరుగులు కడిగి తినేవి కావు. మీద పడ్డ ధూళి నేరుగా నోట్లోకే వెళ్తుంది. సన్నటి నేత బట్ట కప్పండి, అది వదులుగా కాకుండా నాలుగు వైపులా బరువు పెట్టి ఉండాలి. గాలి పోర్టు వైపు నుంచి గట్టిగా ఉన్న మధ్యాహ్నాలు మానెయ్యండి. వీలైతే పల్లెలో ఉన్న చుట్టాల ఇంట్లో పెట్టించుకోండి. ఎండు చేపలు ఇసుక మీద కాకుండా ఎత్తయిన తాళ్ల మీద, వలల మీద ఆరబెడితే ఇసుక, మట్టి తగ్గుతాయి. వండే ముందు రెండు మూడు నీళ్లలో కడగాలి.

పెరట్లో ఆకుకూరలుంటే ఆకులకి పట్టిన ధూళే ఎక్కువ, బాగా కడగండి. దుంపలు తొక్క తీసి వండండి. కొత్త మట్టి పోసిన కుండీలు ఇంకా మంచివి.

వల గుళ్లు ఇంట్లో కరిగించి పోసుకుంటాం. అది కూడా తప్పేనా?

వల అంచుకి కట్టే సీసపు గుళ్లు ఇంట్లో పొయ్యి మీద కరిగించడం చేపల పేటల్లో నేను చూశాను. అన్నం వండే పొయ్యి, పక్కనే పిల్లలు. దయచేసి ఇది ఆపండి. కరిగేటప్పుడు వచ్చే పొగ, మీద తేలే బూడిద రెండూ విషమే, ఆ బూడిద వంటింటి గచ్చుకే అంటుకుంటుంది. తయారుగా దొరికే గుళ్లు కొనుక్కోండి. కరిగించక తప్పదంటే ఇళ్లకి దూరంగా, ఆరుబయట, పిల్లలు లేని చోట, దానికోసమే ఉంచిన పాత్రలో చెయ్యండి. గుండుని పళ్లతో నొక్కి దారానికి బిగించే అలవాటు కొందరికి ఉంది. అది నేరుగా సీసాన్ని నోట్లో పెట్టుకోవడమే.

ఏం తింటే మంచిది?

కడుపు ఖాళీగా ఉన్నప్పుడు సీసం ఎక్కువ పడుతుంది. పిల్లల్ని ఏమీ తినిపించకుండా బడికి పంపకండి. చోడి (రాగి) అంబలిలో కాల్షియం ఉంది, మన ఉత్తరాంధ్ర ఇళ్లకి అది కొత్తేమీ కాదు. పాలు, పెరుగు, గుడ్డు, మునగాకు, చిన్న చేపలు, వాటితో పాటు ఉసిరి, జామ, నిమ్మ. బడిలో ఇచ్చే ఐరన్ మాత్రలు పారెయ్యకుండా మింగించండి. పసుపు విడిగా కొంటే కొమ్ములు కొని మరపట్టించండి. రంగు కోసం లెడ్ క్రోమేట్ (సీసం ఉన్న పసుపు రంగు రసాయనం) కలిపిన పసుపు దేశంలో చాలాచోట్ల దొరికింది. పేరూ ఊరూ లేని సుర్మా, కాటుక పసిపిల్లల కళ్లకి పెట్టకండి.

ఇక్కడి చేపలు తినొచ్చా?

తినొచ్చు. పాదరసంలా సీసం చిన్న చేప నుంచి పెద్ద చేపకి పేరుకుంటూ పోదు. ఎక్కువగా ఎముకల్లో, మొప్పల్లో, లోపలి భాగాల్లో ఉంటుంది. అవి తీసేసి వండుకోండి. హార్బర్ లోపలి నీళ్లలో ఏరిన ఆలిచిప్పలు మాత్రం వద్దు, అవి నీటిని వడకట్టుకుని బతుకుతాయి.

మాస్కు పని చేస్తుందా?

ముఖానికి బిగుతుగా ఉన్న ఎన్95 ధూళిని బాగా ఆపుతుంది. గుడ్డ మాస్కు, చెంగు ముతక పొడినే ఆపుతాయి. గచ్చు మీద పాకే పిల్లకి ఏ మాస్కూ అక్కరకి రాదు.

2020లో ఏలూరులో జరిగింది ఇలాంటిదేనా?

కాదు. ఆ డిసెంబరులో వందలమంది ఒక్కసారిగా మూర్ఛలతో పడిపోయారు. మొదట్లో రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయన్నారు, తర్వాత పురుగుమందుల మీదకి చూపు మళ్లింది. ఏలూరు ఉన్నట్టుండి వచ్చిపడింది, అందరూ చూశారు. ధూళితో వచ్చే సీసం ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా చేరుతుంది. ఎవరూ వీధిలో పడిపోరు కాబట్టి ఏ అంబులెన్సూ రాదు.

ఫిర్యాదు చేస్తే ఏమైనా అవుతుందా?

అవుతుంది, ఫిర్యాదు రాసే పద్ధతిని బట్టి. నేను మొదటిసారి ఒక ఆఫీసుకి 'మా వీధిలో దుమ్ము విపరీతంగా ఉంది, చర్యలు తీసుకోండి' అని రాసిచ్చాను. 'పరిశీలించాం, ప్రమాణాల లోపలే ఉంది' అని ఒక్క లైను జవాబు వచ్చింది. రెండోసారి మా వీధిలో పదకొండు ఇళ్లవాళ్లం కలిసి నెల రోజులు రాసుకున్నాం. తేదీ, సమయం, గాలి ఏ వైపు నుంచి వీస్తోంది, పొడి ఏ రంగు, టార్పాలిన్ లేని లారీ ఎన్ని గంటలకి వెళ్లింది, ఫోటోలు. ఆ కాగితాలు పెట్టినప్పుడు మనుషులు వచ్చారు, చూశారు. కొన్నాళ్ల పాటైనా లారీల మీద టార్పాలిన్లు కనిపించాయి.

రాసేటప్పుడు ఏం అడగాలో తెలియాలి. బొగ్గు కుప్పల మీద నీళ్లు చల్లుతున్నారా, కన్వేయర్లు మూసి ఉన్నాయా, వ్యాగన్లకి, లారీలకి కప్పు ఉందా, గేటు దాటే ముందు చక్రాలు కడుగుతున్నారా. ఇలాంటి ప్రతి ఫ్యాక్టరీకి వాయు కాలుష్య చట్టం, 1981 కింద కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతి పత్రం ఉంటుంది, అందులో షరతులుంటాయి. సమాచార హక్కు చట్టం కింద ఆ పత్రం, చిమ్నీ కొలతలు, గాలిలో సీసం కొలతలు తేదీలతో సహా అడగండి. సీసం కొలవలేదని జవాబొచ్చినా అది పనికొచ్చే జవాబే. మండలికి విశాఖలో ప్రాంతీయ కార్యాలయం ఉంది. కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్ ఉంటుంది. అక్కడా కదలకపోతే జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచీ చెన్నైలో ఉంది. విస్తరణకి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు తప్పకుండా వెళ్లి, చుట్టుపక్కల పిల్లల రక్తంలో సీసం ఎవరు కొలుస్తారని అడగండి, మీ మాట మినిట్స్‌లో, అంటే సభ రికార్డులో, రాయించండి.

గచ్చు తుడిచిన నీళ్లు ఎక్కడ పొయ్యాలి?

ఈ ప్రశ్న అడిగింది ఒక బాలింత, ఆ జాగ్రత్తకి నాకు ముచ్చటేసింది. మొక్కల మొదట్లో పొయ్యకండి, వాకిట్లో చల్లకండి. ఆ మట్టిలోనే మళ్లీ పిల్లలు ఆడతారు. లెట్రిన్‌లో పోసెయ్యండి. తుడిచిన గుడ్డని విడిగా ఉతికి, ఆ నీళ్లూ అక్కడే పొయ్యండి.